పాత పిక్ తెస్తేనే కొత్తది

నలభై ఏళ్ళకు పైగా నరసరావుపేటలో మాండలిన్లు అమ్మాను, బాగుచేశాను, వాటికి పిక్కులు కోశాను. పోయిన ఏడాది కొట్టు మూసేశాను. చెయ్యి వణికే మనిషి ఈ పనిలో ఉండకూడదు. ఇప్పుడు ఈ పనిలోకి దిగుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, మస్తాన్ మామా, నీకు తెలిసింది రాసిపెట్టు అని అడిగారు. కొలతలు, రేట్లు మీ ఫోనులో నాకంటే బాగా దొరుకుతాయి. ఫోనులో దొరకనివే రాస్తాను. కొన్ని చదివాక ముసలాడికి మతి చలించిందనుకుంటే అనుకోండి, నాకేమీ కోపం లేదు.

ఎవరూ ముట్టకుండా మోగేవి

ఈ పనిలో మొదటి వారం అందరూ భయపడతారు. నేనూ భయపడ్డాను. మామూ అని పిలిచే మా మేనమామ దగ్గర పనికి చేరిన కొత్తలో ఒక మిట్టమధ్యాహ్నం కొట్టులో ఒక్కణ్ణే ఉన్నాను. గోడ నిండా మాండలిన్లు వేలాడుతున్నాయి. బయట ఎవరో గట్టిగా దగ్గారు. నా వెనక ఒక మాండలిన్ ‘ఝుం’ మని బదులిచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను.

మామూ కడుపు పట్టుకుని నవ్వాడు. తీగ ఏ స్వరంలో బిగించి ఉంటే ఆ స్వరం ఎక్కడ పుట్టినా అది కదులుతుందని, ఇందులో దయ్యమూ లేదు, భూతమూ లేదని చెప్పాడు. ఆ తర్వాత దాన్నే పరీక్షగా వాడటం నేర్పాడు. వాయిద్యం ఎంచుకునేటప్పుడు గోడకు ఎదురుగా నిలబడి ఒక స్వరం పట్టి ఆపండి. మీరు నోరు మూశాక కూడా ఏది ఎక్కువసేపు మోగుతుందో దాని చెక్క మంచిది. మెరుపు చూసి కొనేవాళ్ళు పెళ్ళికూతుర్ని కాకుండా చీరను చూసుకుని వచ్చేరకం. మెడ వంగిందేమో ఒక కన్ను మూసి చివరినుంచి చూడండి. ప్రతి మెట్టు మీదా వేలు పెట్టి మీటండి, ఒక్కచోట జరజరమన్నా వదిలేయండి. మన పల్నాడు ఎండలకు రేకుల కప్పు కింద, మిరపకాయ బస్తాల పక్కన పెట్టిన మాండలిన్ రెండు వేసవులు కూడా నిలవదు.

ఇంకొక సంగతి. చనిపోయినవాళ్ళ వాయిద్యాలు అమ్మకానికి వస్తాయి. వచ్చిన వెంటనే తీగలన్నీ వదులు చేసి నలభై రోజులు గోడకు తగిలించేవాళ్ళం. అప్పటిదాకా ఎవరికీ చూపించేవాళ్ళం కాదు. కారణం అడిగితే మామూ చెప్పలేదు. నేనూ మళ్ళీ అడగకుండా పాటించాను.

ముందు పిక్, తర్వాతే వాయిద్యం

తీగను మీటే ఆ చిన్న బిళ్ళనే పిక్ అంటాం. అందరూ వాయిద్యానికి వేలు పోసి, పిక్ దగ్గర చేతికి ఏది దొరికితే అది పుచ్చుకుంటారు. కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే అది. చేతికి ఏ పిక్ కుదురుతుందో తేలాక, ఆ పిక్‌తో మీటి చూసి మాండలిన్ ఎంచుకోవాలి.

కొత్తవాళ్ళు పల్చటిది అడుగుతారు, చేతికి సుఖమని. మాండలిన్‌కు తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. పల్చటి పిక్‌తో జంటలో మొదటి తీగ పలుకుతుంది, రెండోది మూలుగుతుంది. మరీ మందమైతే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు టకటక వినిపిస్తుంది తప్ప స్వరం వినిపించదు. బొటనవేలి గోటితో నొక్కితే కాస్త వంగి వెంటనే నిలబడేది తీసుకోండి. గేదె కొమ్ముతో కోసినదానికి ధ్వని గుండ్రంగా వస్తుంది, కానీ ఎండాకాలం పగులుతుంది. చెయ్యి చెమట పట్టేవాళ్ళకు మధ్యలో గరుకుగా గీతలు గీసి ఇవ్వండి.

మా కొట్టులో ఒక రివాజు ఉండేది. పాత పిక్ తెచ్చి ఇస్తేనే కొత్తది ఇచ్చేవాళ్ళం. ఎందుకంటే అరిగిన పిక్‌లో ఆ మనిషి చెయ్యి ఉంటుంది. ఎక్కడ అరిగిందో చూసి కొత్తదాని అంచు ఆ చేతికి సరిపోయేట్టు కోయాలి. ఒక్కొక్క వాయిద్యగాడికి ఒక్కొక్క చిన్న రేకు డబ్బా, దాని మీద పేరు, లోపల అతని పాత పిక్కులు. ప్రతి కొత్త పిక్ వెనకా సూదితో చిన్న గుర్తు పెట్టేవాణ్ణి, ఎప్పుడు కోశానో తెలియడానికి. మణికట్టు తిప్పేవాడి పిక్ ఒకలాగా, మోచేతి నుంచి ఊపేవాడిది ఒకలాగా అరుగుతుంది. కొన్నేళ్ళకు పేరు చూడకుండా పిక్ చూసి ఇది ఫలానావాడిదని చెప్పగలిగాను.

మామూ ఇంకా ఒక మెట్టు పైన ఉండేవాడు. గురజాల వైపు భజన బృందంలో వాయించే ఒకతను పిక్ మార్చుకోవడానికి వస్తే, మామూ అతని డబ్బాలోని చివరి మూడు పిక్కులు వరసగా బల్ల మీద పేర్చాడు. చాలాసేపు చూశాడు. నీ చెయ్యి నీకు తెలియకుండా జారిపోతోంది, ముందు డాక్టరు దగ్గరకు పో అన్నాడు. జోస్యాలు చెబుతున్నావా అని అతను కోప్పడి వెళ్ళిపోయాడు. రెండు నెలలు తిరగకుండా కుడి చెయ్యి పడిపోయింది. ఆ కబురు విని మామూ రెండు రోజులు పిక్ కోయలేదు. నేను మాత్రం మా విద్య ఎంత గొప్పదో అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ గర్వమే తర్వాత కొంప ముంచింది. నాది కాదు, ఇంకొకరిది.

ఆంజనేయులు చెయ్యి

వెల్దుర్తి దగ్గర ఒక పల్లె నుంచి ఆంజనేయులు వచ్చేవాడు. నాటకాలకు, భజనలకు మాండలిన్ వాయించేవాడు. అంతకుముందు పత్తి మిల్లులో పనిచేస్తూ కుడిచేతి చూపుడువేలు సగానికి పోగొట్టుకున్నాడు. అందుకని పిక్‌ను బొటనవేలికి, నడిమివేలికి మధ్య ఏటవాలుగా పట్టేవాడు. అందరి పిక్ మొన దగ్గర అరిగితే అతనిది ఎడమ భుజం మీద, అంటే మొన పక్కనున్న వంపు మీద అరిగేది, నెలవంక కోసినట్టు. నా జన్మలో అలాంటి అరుగుదల ఇంకొకటి చూడలేదు. అతని వాయింపులోనూ ఆ వంకర వినిపించేది. ప్రతి మూడో దెబ్బా కాస్త ఆలస్యంగా, ఏదో గుర్తు చేసుకుని కొట్టినట్టు ఉండేది.

నాలుగేళ్ళ కిందట సాగర్ కాలవ గట్టు మీద అతని చెప్పులు, చొక్కా దొరికాయి. మనిషి దొరకలేదు. మాచర్లలో ఉండే అన్న వీరయ్య కొన్నాళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దానికి నిప్పు పెట్టి, మాచర్లలోనే దినవారాలు జరిపించాడు. కబురు తెలిసి నేను ఆంజనేయులు డబ్బా మూత బిగించి పై అరలో పెట్టాను.

నాలుగు నెలలకు అతని భార్య రమణమ్మ కొట్టుకొచ్చింది. అరిగిన పిక్ బల్ల మీద పెట్టి, కొత్తది కావాలంది. ఆయన బతికుండగా అరగదీసింది ఇంట్లో మిగిలిందేమో, జ్ఞాపకానికి కొత్తదొకటి దాచుకుంటుందేమో అనుకుని, ఇంకేమీ అడగకుండా కోసి ఇచ్చాను.

రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె పెట్టిన పిక్ తిప్పి చూస్తే వెనక నా సూది గుర్తు ఉంది. రెండు నెలల కిందట నా చేత్తో నేను కోసి ఆమెకు ఇచ్చినదే. అది ఎడమ భుజం మీద నెలవంకలాగా అరిగి ఉంది.

పిక్ బల్ల మీద పెట్టాను. ఆ చిన్న చప్పుడుకే గోడ మీద ఒక మాండలిన్ మూలిగింది. ఎందుకు మోగుతుందో అందరికీ పాఠం చెప్పేవాణ్ణి నేనే, అయినా ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఎవరు వాయిస్తున్నారమ్మా అని అడిగాను. మా ఇంట్లోనే అని, బస్సు వేళయిందని లేచింది. కుడి చెయ్యి మొదటి నుంచీ కొంగు కిందే ఉంది. నేను దాన్ని చూశాను గానీ పట్టించుకోలేదు.

ఆ తర్వాత కూడా రెండు మూడు నెలలకొకసారి వచ్చేది, అలా రెండేళ్ళు. ప్రతిసారీ నా గుర్తు ఉన్న పిక్, ప్రతిసారీ అదే అరుగుదల. పై అరలోని డబ్బా కిందికి దించాను. చచ్చిపోయినవాడి డబ్బా నిండుతోంది. మా ఆవిడకు చెబితే తాయెత్తు కట్టించుకోమంది. నేను మాత్రం చచ్చినవాడు పిక్ అరగదీయడు గనక ఆంజనేయులు బతికే ఉన్నాడని, ఏదో కారణానికి పెళ్ళాం దాచిపెట్టిందని తేల్చుకున్నాను. లోకమంతా చచ్చాడనుకున్నవాడు బతికున్నాడని ఒక ప్లాస్టిక్ బిళ్ళ చూసి కనిపెట్టానన్న పొగరు నా తలకెక్కింది.

నోటి దురద

వీరయ్య ఒకరోజు వాళ్ళ భజన మందిరం హార్మోనియం బాగుచేయించడానికి వచ్చాడు. నోరు మూసుకుని ఆ పని చూసుకుంటే సరిపోయేది. డబ్బా తెరిచి అతని ముందు బోర్లించాను. గుర్తులు చూపించాను. నీ తమ్ముడు బతికే ఉన్నాడన్నాను.

వీరయ్య పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. “నా చేత్తో నేను నిప్పు పెట్టా గదా భాయి” అన్నాడు. అప్పటికప్పుడే బయల్దేరాడు. నేనూ అతని కారెక్కాను. అతనికి తోడు కోసమని అప్పుడు చెప్పాను. నిజానికి నా మాట నెగ్గడం కళ్ళారా చూడాలని వెళ్ళాను.

వాళ్ళ ఇల్లు ఊరికి దూరంగా మిరప చేల మధ్య ఉంది. మేం చేరేసరికి పొద్దు వాలుతోంది. కారు దిగి చేను గట్టు మీద నడుస్తుంటే మాండలిన్ వినిపించింది. ఇద్దరం ఆగిపోయాం. ప్రతి మూడో దెబ్బా ఆలస్యంగా పడుతోంది. వీరయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకు నా చేతి గడియారం ఒత్తుకుని చర్మం మీద గుర్తు పడింది. అతను ఏడుస్తూనే వాకిట్లోకి పరిగెత్తి కేక పెట్టాడు.

“ఒరేయ్ ఆంజనేయులూ, చచ్చావని దినం కూడా పెట్టా గదరా. బయటికి రా.”

వాయింపు ఆగిపోయింది. గదిలోంచి రమణమ్మ బయటికొచ్చింది. చేతిలో మాండలిన్. కుడిచేతి చూపుడువేలు మడిచి అరచేతికి గుడ్డపీలికతో గట్టిగా కట్టి ఉంది. రెండేళ్ళుగా కట్టి కట్టి ఆ వేలు నల్లబడి సన్నబడిపోయింది. నన్ను చూసి, వీరయ్యను చూసి, కట్టిన చేత్తోనే నోటి మీద వేలు పెట్టుకోబోయింది, మాట్లాడొద్దని. పెట్టుకోవడానికి ఆ వేలు లేదు.

అప్పటికే ఆలస్యమైంది. లోపలి గదిలోంచి ఒక ముసలి గొంతు నెమ్మదిగా అడిగింది.

“ఎవరికి పెట్టావురా దినం?”

ఆమె ఆ అన్నదమ్ముల అమ్మ. మంచం మీదే ఉంటుంది, కళ్ళు కనపడవు. కొడుకు మిల్లు పని మానేసి ఈ మాండలిన్ డబ్బా పట్టుకుని తిరగడం ఆమెకు నచ్చలేదు. ఒకనాడు కోపంలో, నా కళ్ళ ముందుకు రావద్దంది. తర్వాత ఆమెకు చూపే పోయింది. అతనూ మొండివాడు. ఆ రోజు నుంచి తల్లి గదిలో అడుగుపెట్టలేదు, మాట్లాడలేదు. కానీ ఎక్కడున్నా పొద్దు వాలేసరికి ఇంటికొచ్చి పక్క గదిలో కూర్చుని వాయించేవాడు. ఆమె వినేది. విన్నాకే అన్నం తినేది. వాళ్ళిద్దరి మధ్య మిగిలింది అదొక్కటే.

అతను పోయినప్పుడు నిదానంగా చెబుతానని రమణమ్మ బావగారికి మాటిచ్చింది. చెప్పలేకపోయింది, ఆయనతో మాత్రం చెప్పేశానంది. నాలుగు రోజులు వాయిద్యం వినపడక ముసలామె మెతుకు ముట్టలేదు. మొగుడు ఎప్పుడో సరదాగా నేర్పిన నాలుగు ముక్కలు ధైర్యం చేసి వాయించింది. వీడి చెయ్యి ఇట్టా తప్పుతోందేందని ముసలామె దిగులుపడింది. అప్పుడు వేలు కట్టుకుంది. పిక్ అరిగితే కొత్తది ఎక్కడ దొరుకుతుందో, పాతది ఎందుకు తీసుకెళ్ళాలో మొగుడి దగ్గర విని ఉంది.

వీరయ్య లోపలికెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. రమణమ్మ నా దగ్గరకొచ్చి మాండలిన్ నా చేతిలో పెట్టింది.

“తీసుకుపోన్నా. ఇంక దీంతో పనిలేదు” అంది. తిట్టినా బాగుండేది.

తీగలు మార్చిన సాయంత్రం

మామూలుగా అయితే తీగలు వదులు చేసి నలభై రోజులు గోడకు తగిలించాలి. కానీ అది చచ్చినవాడి వాయిద్యమా, బతికున్నామె వాయిద్యమా? నాకు తేలలేదు. పన్నెండు రోజులు తీగలు ముట్టకుండా అలాగే గోడకు ఉంచాను. కొట్టులో ఎవరు దగ్గినా, ఎవరు తలుపు వేసినా గోడ మీదివన్నీ కదిలేవి. అదొక్కటి మాత్రం కదల్లేదు.

పన్నెండోనాటి సాయంత్రం కొట్టు కట్టేముందు దాన్ని దించాను. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. ఊరికే చూస్తూ కూర్చోలేక ఎనిమిదీ తీసేసి కొత్తవి వేశాను. సరిచూడటానికి కాసేపు వాయించాను. మూడో జంట నిలవకుండా జారుతూనే ఉంది. కొత్త తీగలకు అది మామూలే. తాళం వేసి ఇంటికొచ్చాను. ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మర్నాడు పళ్ళు తీసుకుని బస్సెక్కాను, ఆ పెద్దామె కాళ్ళు పట్టుకుందామని. రమణమ్మ లోపలికి తీసుకెళ్ళింది. పేటలో మాండలిన్ కొట్టు మస్తాన్ వచ్చాడత్తమ్మా అని చెప్పింది. తప్పయిందమ్మా అన్నాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

“నిన్న పొద్దుగూకే ఏళ కొత్త తీగలేశావా నాయనా? మావాడికింకా చేతికి కుదరలా. మూడోది జారతా ఉండాది, కాస్త చూడు” అంది.

రమణమ్మ నా మొహం చూసింది. బయటికొచ్చాక, పన్నెండు రోజులుగా ఏమీ వినపడట్లేదని అత్తమ్మ అన్నం మానేసి గంజి నీళ్ళతోనే ఉందని, రాత్రి మాత్రం వాడు వాయించాడంటూ నాలుగు ముద్దలు తిన్నదని చెప్పింది. మనసు చెదిరి అట్టా అంటోందేమోన్నా అంది. అయ్యుండొచ్చమ్మా అన్నాను. కొత్త తీగలు జారతాయని మాండలిన్ ఇంట్లో ఎవరికైనా తెలుసు. ముసలామె ఊహించి ఉండొచ్చు. ఇప్పటికీ పగటిపూట నన్నడిగితే అదే చెబుతాను.

ఆ రోజు నుంచి సాయంత్రం కొట్టు కట్టేముందు తలుపు సగం దించి, చూపుడువేలు గుడ్డతో కట్టుకుని వాయించడం మొదలుపెట్టాను. నేను వాయిద్యగాణ్ణి కాదు, మరమ్మతు చేసేవాణ్ణి. తొలి వారం వేలు మంటెత్తి కళ్ళనీళ్ళు వచ్చాయి. నెల తిరిగేసరికి పిక్ ఎడమ భుజం మీద అరగడం మొదలైంది. దాన్ని చూసి ఎంత భయపడ్డానో చెప్పలేను. అయినా మానలేదు. రమణమ్మ అప్పుడప్పుడూ ఫోను చేసేది. అత్తమ్మ బాగానే తింటోందన్నా, వాడు రోజూ వాయిస్తున్నాడంటోంది, నాకైతే ఏమీ వినపడదు అనేది. నేను చేసే పని ఆమెకు చెప్పాలని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఒకసారి నోరు జారి ఆ ఇంటికి చేసింది చాలని ఊరుకునేవాణ్ణి. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

పోయిన వానాకాలం నాకు జ్వరం తగిలింది. ఆ రోజు మంచం మీద నుంచి లేవలేకపోయాను. కొట్టు తీయలేదు. సాయంత్రం ఒకసారి మెలకువ వచ్చి టైము ఎంతయిందని అడిగాను, మళ్ళీ మగతలో పడిపోయాను.

తెల్లవారాక రమణమ్మ ఫోను చేసింది.

“అత్తమ్మ పోయిందన్నా. నిన్న పొద్దుగూకిన కాడ్నించి ఒకటే అడుగుడు. ఇయ్యాల వాయించలేదేంది, పిల్లోడికి జరమొచ్చిందేమో, పోయి ఒళ్ళు చూడవే అని. ఎవరి ఒళ్ళు చూడనన్నా నేను?”

పక్కన మా ఆవిడ నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. వస్తున్నానమ్మా అన్నాను.